పాపకు గోమారి పట్టింది, ఏం చేయాలి? ఒక రిటైర్డ్ పశువైద్యుడి సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ దగ్గర అడివి అంచున కొత్తగా ఇల్లు తీసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం మీ ఆరేళ్ళ పాప పెరటి చివర చెట్ల దగ్గర ఆడుకుంది. సోమవారం, జూన్ 9 ఉదయం స్కూలుకు తయారు చేస్తుంటే మోకాలి వెనక మడతలో నల్ల చుక్క కనిపించింది. తేరిపార చూస్తే దానికి కాళ్ళున్నాయి. మీ అత్తగారు కొబ్బరినూనె వేసి, కాసేపాగి వేళ్ళతో పీకేశారు. చర్మంలో చిన్న ముక్క మిగిలిపోయింది. రక్తపరీక్ష చేయించాలా, యాంటీబయాటిక్ వేయాలా, గోమారి కాటుతో వచ్చే లైమ్ జబ్బు పాపకు వచ్చేస్తుందా అని మీ టెన్షన్. మీవారేమో "మా ఊళ్ళో గేదెలకు వందలు పట్టేవి, ఎవరికేమైంది" అంటున్నారు.

నేను డాక్టర్నే గానీ మనుషుల డాక్టర్ని కాను. పశుసంవర్ధక శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను, ఎక్కువ కాలం ప్రకాశం జిల్లాలోనే. తొమ్మిదేళ్ళుగా న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మన ఊళ్ళల్లో గోమార్లు, పిడుదులు అనేవే ఇక్కడి టిక్స్. నా సర్వీసంతా వాటితోనే గడిచింది. ఇక్కడికొచ్చిన రెండో వేసవిలో వాటిలో ఒకటి నన్నే పట్టుకుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. మందు రాయాల్సింది మీ పీడియాట్రీషియనే. ఫోన్ చేసి ఏం చెప్పాలో, ఆ తర్వాత ఇంట్లో ఏం చూసుకోవాలో మాత్రం నేను చెప్పగలను.

ముందు మీకు ఊరటనిచ్చే మాట. మీరు రాసినదాన్ని బట్టి పాపకు లైమ్ వచ్చే అవకాశం చాలా తక్కువ. శనివారం సాయంత్రం తలంటు పోశానని, అప్పుడు ఒంటిమీద ఏమీ లేదని రాశారు చూడండి, ఈ మొత్తం కథలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క అదే. ఆదివారం మధ్యాహ్నం పట్టి సోమవారం ఉదయం ఊడిందంటే అది చర్మానికి అంటుకుని ఉన్నది పద్దెనిమిది గంటలకు మించదు. మీరు పెట్టిన ఫోటోలో దాని పొట్ట కూడా బల్లపరుపుగా ఉంది. రక్తం తాగిన గోమారి అలా ఉండదు, ఉబ్బి బూడిదరంగుకు తిరుగుతుంది.

గంటల లెక్క ఎందుకంటే, లైమ్ కలిగించే బొరేలియా అనే మెలికల సూక్ష్మజీవి గోమారి నోట్లో సిద్ధంగా కూర్చుని ఉండదు. దాని పేగులో నిద్రపోతూ ఉంటుంది. వెచ్చటి రక్తం లోపలికి దిగడం మొదలయ్యాకే మేలుకుంటుంది, పెరుగుతుంది, పైతొడుగు మార్చుకుంటుంది, పేగు గోడ దాటి లాలాజల గ్రంథుల దాకా ప్రయాణిస్తుంది. ఆ తర్వాతే మన ఒంట్లోకి. ఈ ప్రయాణానికి మామూలుగా ఒక రోజుకు పైనే, చాలాసార్లు ఒకటిన్నర రోజు పడుతుంది. దోమ కుట్టిందంటే అయిపోయినట్టే, చేయగలిగిందేమీ లేదు. గోమారి అలా కాదు, మనకు గడువు ఇస్తుంది. ఈ జబ్బు నుంచి కాపాడుకోవడం అంటే ఆ గడువును వాడుకోవడమే. నేను కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే. పొవాసన్ అనే అరుదైన వైరస్ ఒకటుంది, అది పావుగంటలోనే పాకగలదు. కానీ అలాంటి కేసులు చాలా చాలా తక్కువ, దాన్ని తలచుకుని నిద్ర పాడుచేసుకోకండి.

ఇక యాంటీబయాటిక్. కరిచిన తర్వాత ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉంది. దానికి షరతులున్నాయి: పట్టింది జింక గోమారి (లైమ్‌ను మోసే జాతి, దాని సంగతి కింద చెబుతాను) అయివుండాలి, లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతం అయివుండాలి, 36 గంటలో అంతకన్నా ఎక్కువో అంటుకుని ఉండాలి, పీకిన 72 గంటల్లోపు మందు పడాలి. పెద్దవాళ్ళకు 200 మిల్లీగ్రాములు, పిల్లలకు బరువును బట్టి. మీ పాప విషయంలో మొదటి రెండూ సరిపోయాయి, మూడోది సరిపోలేదు. బహుశా డాక్టర్ అవసరం లేదనే అంటారు. అయినా ఫోన్ చేయండి, ఎందుకంటే 72 గంటల గడువు గురువారం ఉదయానికి అయిపోతుంది. నిర్ణయం డాక్టర్‌ది కావాలి గానీ గడువు దాటిపోవడం వల్ల జరిగింది కాకూడదు. "ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్ళు పాడవుతాయి" అని మీ అత్తగారో ఎవరో అనవచ్చు. ఆ భయం పాత టెట్రాసైక్లిన్ రోజుల నాటిది. తక్కువ రోజుల కోర్సుకు ఇప్పుడు ఆ అభ్యంతరం పెట్టుకోవడం లేదు.

రక్తపరీక్ష ఇప్పుడు వద్దు. ఆ పరీక్ష వెతికేది సూక్ష్మజీవిని కాదు, దానిమీద మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి తయారవడానికి వారాలు పడుతుంది. ఈరోజు చేయిస్తే నెగెటివ్ వస్తుంది, దాన్ని చూసి మీరు ధైర్యం తెచ్చుకుంటారు, ఆ ధైర్యానికి అర్థం ఉండదు. పురుగును ల్యాబుకు పంపి పరీక్ష చేయించడమూ అంతే. అందులో బొరేలియా ఉందని తేలినా పాపకు పాకిందని కాదు, లేదని తేలినా మీరు చూడని ఇంకో గోమారి పట్టలేదని కాదు. దాన్ని బట్టి వైద్యం నడవదు.

మిగిలిపోయిన ఆ నల్ల ముక్క సంగతి. అది గోమారి నోటి ముల్లు. రంపంలా వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి దానికి, అందుకే వేళ్ళతో లాగితే విరిగి ఉండిపోతుంది. ముల్లు మిగిలినంత మాత్రాన జబ్బు పాకదు. సూదితో కెలకొద్దు. సబ్బుతో కడిగి వదిలేయండి, కొన్నాళ్ళకు ఒళ్ళే బయటికి నెట్టేస్తుంది. ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో అలాగే అక్కడ చిన్న ఎర్రటి బుడిపె ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. అది లైమ్ జబ్బు తెచ్చే మచ్చ కాదు, ఆ మచ్చ ఎలా ఉంటుందో కింద చెబుతాను. లైమ్ మచ్చకు కనీసం మూడు రోజుల వ్యవధి పడుతుంది.

మీ అత్తగారిని ఏమీ అనకండి. కొబ్బరినూనె, కిరోసిన్, వెలిగించిన అగరొత్తి, ఇక్కడివాళ్ళయితే వాజలీన్, నెయిల్ పాలిష్, ఇవన్నీ ప్రతి ఊళ్ళోనూ ఉన్న చిట్కాలే. నూనె వేస్తే ఊపిరాడక ఊడిపోతుందని నమ్మకం. గోమారి గంటకు కొన్నిసార్లు మాత్రమే ఊపిరి తీసుకునే జీవి, మన నూనెచుక్క దానికొక లెక్క కాదు. పైగా చిరాకు పడితే నోట్లో ఉన్నదాన్ని మన ఒంట్లోకే కక్కుతుంది. అది ఊడేదాకా కూర్చోవడంలో పోయేది మన గడువే.

పీకే పద్ధతి ఒకటే, ఒకసారి చూస్తే జీవితాంతం గుర్తుంటుంది. సన్నటి మొన ఉన్న ట్వీజర్ కావాలి. కనుబొమ్మలకు వాడే పలకమొనది పనికిరాదు, పొట్ట నలిగిపోతుంది. పాపను వెలుగులో బోర్లా పడుకోబెట్టండి. ట్వీజర్ మొనను చర్మానికి ఆనించి, పురుగు పొట్టను కాకుండా తలను, చర్మంలోకి దిగిన చోటనే పట్టుకోవాలి. తిప్పకుండా, కుదపకుండా, నిటారుగా పైకి లాగాలి. చర్మం చిన్న గుడారంలా పైకి లేస్తుంది. అక్కడ చాలామంది భయపడి వదిలేస్తారు, లేదా ఒక్క గుంజు గుంజుతారు. రెండూ వద్దు. అలాగే పట్టుకుని ఉంటే కొన్ని సెకన్లలో దానంతట అదే పట్టు వదులుతుంది. తర్వాత సబ్బు, స్పిరిట్. పురుగును ఒక తెల్ల కార్డు మీద పెట్టి పైన పారదర్శక టేపు అంటించండి. కింద తారీఖు, ఒంటిమీద ఎక్కడ దొరికింది, రెండు ముక్కలు రాసి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టండి. మా ఇంట్లో ఇప్పటికి అలాంటివి నాలుగున్నాయి, చూడ్డానికి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు.

గోళ్ళ మధ్య మాత్రం చిదమొద్దు. మా ఆస్పత్రుల్లో అటెండర్లు అలాగే చిదిమేవారు, సిగ్గుపడకుండా చెప్పాలంటే నేనూ చిదిమాను. 2011లో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం బయటపడినప్పుడు మా అందరికీ వెన్నులో వణుకు పుట్టింది. అది కాటుతోనే కాదు, చిదిమిన గోమారి రసం చేతి గాయానికి తగిలినా పాకుతుంది. ఆ జబ్బు అమెరికాలో లేదు గానీ ఆ అలవాటు ఏ దేశంలోనైనా చెడ్డదే.

ఇక ముప్పై రోజులు మీరు చూడాల్సింది. కాటు వేసిన 3 నుంచి 30 రోజుల్లోపు, చాలామందిలో వారం దాటేసరికి, ఆ చోట ఒక మచ్చ మొదలై రోజురోజుకూ వెడల్పవుతుంది. రూపాయి బిళ్ళను దాటి, అరచేతిని దాటి పోతుంది. దురద పెద్దగా ఉండదు, నొప్పి ఉండదు, తాకితే కొంచెం వెచ్చగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో మీరు చూసే ఫోటోల్లో మధ్యలో చుక్క, చుట్టూ తెలుపు, దాని చుట్టూ ఎర్రటి వలయం ఉంటుంది. అలా అందంగా వలయాలు కట్టేవి కొన్నే. ఎక్కువ మచ్చలు వలయం లేకుండా నిండుగా ఒకే రంగులో ఉంటాయి. ఇంకో సంగతి, ఇది మనవాళ్ళ కోసం: ఆ ఫోటోల్లో చర్మం దాదాపుగా తెల్లవాళ్ళది. మన చామనఛాయ మీద ఆ ఎరుపు ఎరుపులా కనపడదు. కమిలిన గాయంలానో, గోధుమ ఊదా కలిసిన నీడలానో ఉంటుంది. మనవాళ్ళే కాదు, డాక్టర్లూ పొరబడతారు.

నా కథ అదే. పెరట్లో గోంగూర, బీరపాదు వేశాను. రోజూ ఉదయం లుంగీ మీదే వెళ్ళి కలుపు తీసేవాణ్ణి. మా కుక్కను ప్రతి సాయంత్రం చెవుల దగ్గర్నుంచి వేళ్ళ సందుల దాకా తడిమి చూసేవాణ్ణి, వృత్తి అలవాటు. నా ఒళ్ళు మాత్రం ఒక్కనాడూ చూసుకోలేదు. జూన్ చివర్లో జ్వరం, మెడ పట్టేసింది, మోకాళ్ళ నొప్పులు. వేసవి ఫ్లూ అనుకున్నాను. నడుముకు బామ్ రాస్తూ మా ఆవిడ "ఏవండీ, ఇక్కడ కమిలినట్టుంది, ఎక్కడైనా పడ్డారా" అంది. సరిగ్గా మొలతాడు కింద. అర్జెంట్ కేర్‌కు వెళితే అక్కడి కుర్ర డాక్టర్ సాలీడు కరిచిందన్నాడు, ఒక క్రీము రాసిచ్చాడు. నాకు నమ్మకం కుదరలేదు. పశువులకు వాపు వస్తే పాకుతోందో లేదో తెలియడానికి మేం అంచు గుర్తు పెట్టుకునేవాళ్ళం. అలాగే మా ఆవిడ చేత బాల్‌పెన్నుతో మచ్చ చుట్టూ గీత గీయించాను. నాలుగు రోజులకు మచ్చ గీత దాటి అన్ని వైపులా రెండు వేళ్ళ వెడల్పు బయటికొచ్చింది. ఇంకో డాక్టర్ ఆ గీతను చూసిన నిమిషంలో డాక్సీసైక్లిన్ రాశారు. పద్నాలుగు రోజులు వాడాను, పూర్తిగా తగ్గింది. మచ్చ ఉంటే పరీక్షతో పనిలేదు, మచ్చే రుజువు. మీకూ అదే చెబుతున్నాను: అనుమానం వస్తే పెన్నుతో గీత గీయండి, పక్కన రూపాయి బిళ్ళో క్వార్టరో పెట్టి రోజూ ఫోటో తీయండి.

మచ్చ అందరిలోనూ రాదు. పది మందిలో ఇద్దరు ముగ్గురిలో అసలు రాదు, లేదా జుట్టులోనో వీపు మీదో వచ్చి కనపడకుండా పోతుంది. కాబట్టి ఈ నెలలో పాపకు జలుబు, దగ్గు లేకుండా జ్వరం వచ్చినా, ఒక మోకాలు ఉన్నట్టుండి వాచినా, మూతి ఒక పక్కకు లాగినా ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళి గోమారి సంగతి మొదటి మాటగా చెప్పండి. సకాలంలో మందు పడితే పిల్లల్లో లైమ్ చాలా బాగా తగ్గుతుంది. కోర్సు అయ్యాక కొంతమందికి నీరసం, నొప్పులు నెలల తరబడి ఉండే మాట నిజమే. దానికి నెలలకొద్దీ యాంటీబయాటిక్స్ ఎక్కించే క్లినిక్కులూ ఉన్నాయి. అలా ఎక్కించడం వల్ల లాభం లేదని సరైన ట్రయల్స్‌లోనే తేలింది. ఆ గుంపుల్లో చేరి భయపడకండి.

మీవారి ప్రశ్నకు వస్తాను, న్యాయమైన ప్రశ్నే. మన గేదెలను, ఆవులను పట్టే మామూలు గోమారి పుట్టాక ఒకే పశువును పట్టుకుని దానిమీదే పెరిగి పెద్దదవుతుంది. మనుషుల జోలికి దాదాపుగా రాదు. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కానిది మనుషులకే! పశువులకు ఏమైందో నన్నడగమనండి. ఎర్రమూత్రం, థైలేరియా జ్వరం వచ్చి జెర్సీ ఆవులు వారంలో కూలిపోతే రైతులు కొట్టంలో కూర్చుని ఏడ్చిన సంగతి నేను చూశాను. అసలు గోమారి వల్ల జబ్బు పాకుతుందని మొదట రుజువైందే ఆవుల్లో. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అమెరికాలో టెక్సాస్ పశువుల జ్వరం మీద పనిచేసి దాన్ని నిరూపించారు. ఆ కిల్బోర్న్ మా కులమే, అంటే పశువైద్యుడు. మన సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడ్డానికి అది నాలుగేళ్ళ ముందు మాట.

మీ పెరట్లోది వేరే జాతి. నల్లకాళ్ళ గోమారి అంటారు, జింక గోమారి అని కూడా. అది మన దేశంలో లేదు. రెండేళ్ళ జీవితంలో మూడుసార్లు భోజనం చేస్తుంది, మూడుసార్లూ వేర్వేరు జంతువుల మీద. గుడ్డులోంచి వచ్చినప్పుడు దాంట్లో లైమ్ ఉండదు. మొదటి భోజనం తెల్లకాళ్ళ ఎలుక మీద చేసినప్పుడు అంటుకుంటుంది. మరుసటి ఏడాది మే నుంచి జూలై దాకా నింఫ్‌గా, అంటే పిల్ల దశలో, మళ్ళీ ఆకలితో బయటికొస్తుంది. అప్పుడు దాని సైజు గసగసాల గింజంత. పెద్దదయ్యాక నువ్వుగింజంత. పెద్దవాటిలోనే సూక్ష్మజీవి ఎక్కువగా ఉంటుంది, కానీ మనుషులకు జబ్బు ఎక్కువగా అంటించేది ఈ గసగసాల గింజే. ఎందుకంటే అది కనపడదు, కుట్టినట్టు తెలియదు, జనం నిక్కర్లతో తిరిగే నెలల్లో వస్తుంది. జింకలు వాటికి లైమ్ అంటించవు గానీ పెద్దవాటికి కడుపు నింపి సంతానం పెంచుతాయి. పెరట్లో జింక కనపడితే పిల్లలు సంబరపడతారు, నాకు మాత్రం దాని చెవుల చుట్టూ ఏమున్నాయో కనిపిస్తుంది.

లైమ్ అనేది జబ్బు పేరు కాకముందు ఊరి పేరు. మీ ఇంటి నుంచి గంట ప్రయాణం లోపే ఉంటుంది. 1975లో ఆ ఊళ్ళో, చుట్టుపక్కల పిల్లలకు కీళ్ళ వాపులు వస్తుంటే పాలీ మర్రే అనే తల్లి తన ఇంట్లోవాళ్ళ జబ్బుల వివరాలన్నీ రాసిపెట్టుకుని అధికారుల వెంటపడింది. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ వచ్చి పరిశోధించారు. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ గోమారి పేగులో ఆ సూక్ష్మజీవిని కనుగొన్న సంగతి లోకానికి తెలిసింది. తారీఖులు రాసిపెట్టుకున్న తల్లి వల్ల మొదలైన కథ ఇది. నేను కార్డు మీద రాయమన్నది చాదస్తం అనుకోకండి.

ఇప్పుడు రోజువారీ పని. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, అసలు మంచు లేని వెచ్చటి రోజు ఏదైనా, బయట ఆడొచ్చిన పాపకు రెండు గంటల్లోపు స్నానం. పాకుతున్నవి ఇంకా పట్టు దొరక్కముందే కొట్టుకుపోతాయి. స్నానంలోనే ఒళ్ళు చూడాలి. కళ్ళతోనే కాదు, వేళ్ళతో. గోమారి వెచ్చటి, సన్నటి, మడతలుపడ్డ చర్మం వెతుక్కుంటుంది: చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట, చంకలు, బొడ్డు, గజ్జలు, మోకాళ్ళ వెనక, కాలివేళ్ళ సందులు, ప్యాంటు ఎలాస్టిక్ బిగుసుకునే నడుము. పాపకు జడలు వేస్తారు కాబట్టి ముడి విప్పి పాపిడి తీసి చూడండి. నిన్న లేని పుట్టుమచ్చ ఈరోజు ఉంటే అది పుట్టుమచ్చ కాదు. రెండు నిమిషాల పని, పళ్ళు తోముకోవడంలా అలవాటైతే పిల్లలే గుర్తుచేస్తారు.

బట్టల విషయంలో మనవాళ్ళందరూ చేసే పొరపాటు ఉంది. విప్పిన బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేస్తారు. చన్నీళ్ళ ఉతుకులో గోమారి చావదు, శుభ్రంగా స్నానం చేసి బయటికొస్తుంది. దానికి పడనిది ఎండిపోవడం. పొడిబట్టలు ముందు డ్రయ్యర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పండి, ఆ తర్వాత ఉతుక్కోండి.

అడవి దారుల్లోకి, డెలావేర్ వాటర్ గ్యాప్ లాంటి చోట్లకు వెళ్ళేటప్పుడు లేతరంగు ప్యాంటు, సాక్సు లోపలికి దోపుకోవాలి. చూడ్డానికి బాగుండదు, ఫోటోల తర్వాత దోపుకోండి! గోమారి ఎగరదు, దూకదు, చెట్టు మీదినుంచి రాలదు. గడ్డిపోచ చివర నిలబడి ముందుకాళ్ళు చాచి, మన ఊపిరి వాసన పసిగట్టి, రాసుకుపోయే కాలును పట్టుకుంటుంది, అక్కడ్నుంచి పైకి పాకుతుంది. అందుకే దారి మధ్యలో నడవాలి, పడిపోయిన దుంగల మీద కూర్చోకూడదు. చర్మానికి 20 నుంచి 30 శాతం డీట్, లేదా 20 శాతం పికారిడిన్ చాలు. లెమన్ యూకలిప్టస్ నూనె అని దొరికేది మూడేళ్ళ లోపు పిల్లలకు వద్దు.

బూట్లకు, సాక్సులకు, ప్యాంట్లకు 0.5 శాతం పర్‌మెత్రిన్ స్ప్రే నా దృష్టిలో అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. మన ఊళ్ళో పశువులకు కొట్టే డెల్టామెత్రిన్‌కు అది దగ్గరి చుట్టం. గోమారి కాలు పెట్టిందంటే తూలిపోతుంది. బట్టలకే కొట్టాలి, ఒంటికి కాదు. బయట కొట్టి, పూర్తిగా ఆరాక వేసుకోవాలి. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ మాట రెండుసార్లు చదవండి: తడి పర్‌మెత్రిన్ పిల్లికి విషం. కుక్కల కోసం అమ్మే పర్‌మెత్రిన్ చుక్కలు తెలియక పిల్లికి వేస్తే అది వణుకుతూ, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. ఆరేదాకా ఆ బట్టలు దానికి అందకూడదు. అలాగే ఎవరైనా ఊరి నుంచి పశువుల మందు సీసా తెచ్చి నీళ్ళలో కలిపి ఒంటికి రాసుకుంటామంటే ఒప్పుకోకండి, నన్ను ఇద్దరు ముగ్గురు నిజంగానే అడిగారు. కుక్కకైతే వెటర్నరీ డాక్టర్ రాసే నమిలే మాత్రలు ఉన్నాయి, భేషుగ్గా పనిచేస్తాయి. కానీ కుక్క వెంట్రుకల మీద ఎక్కి ఇంట్లోకొచ్చి మంచం మీద దిగే గోమారిని అవి ఆపవు.

పెరట్లో ఎండుటాకుల కుప్పలే దాని ఇల్లు. నీడ, తేమ లేకపోతే అది బతకదు. ఆకులు ఊడ్చేయండి, గడ్డి పొట్టిగా ఉంచండి, చెట్లకూ మీ లాన్‌కూ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపేళ్ళు (వుడ్ చిప్స్) పరవండి. ఊయల, ఇసుకతొట్టి అడివి అంచున ఉంటే ఎండ పడే చోటికి మార్చండి. మీరు చెప్పిన దాన్ని బట్టి అసలు మార్చాల్సింది అదే.

మీ అత్తమామల గురించి మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ బెంగ వాళ్ళ గురించే. ఆరు నెలలుండి సెప్టెంబర్‌లో వెళ్ళిపోతారని రాశారు. ఉదయాన్నే చెప్పులతో నడక, పెరట్లో ఆకులు ఏరడం, ఒళ్ళు చూసుకునే అలవాటు లేకపోవడం, జ్వరం వచ్చినా విజిటర్ ఇన్సూరెన్స్ భయంతో డోలో వేసుకుని పడుకోవడం. ఇదే గోమారి అనాప్లాస్మా అనే ఇంకో జబ్బును కూడా మోస్తుంది. దాంట్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, ప్లేట్‌లెట్స్ తగ్గడం. ఇండియా వెళ్ళిన వారంలో ఇది మొదలైతే ఏమంటారో మీరే చెప్పండి. డెంగీ అంటారు, సెలైన్ పెట్టి ప్లేట్‌లెట్స్ లెక్కపెడుతూ కూర్చుంటారు. డాక్సీసైక్లిన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగాల్సిన జబ్బు అది. మరొకటి బేబీసియా, నేను చెప్పిన ఎర్రమూత్రం క్రిమికి తమ్ముడు. ఎర్రకణాల్లో దూరుతుంది, మైక్రోస్కోపు కింద అచ్చం మలేరియాలా ఉంటుంది. వయసు మళ్ళినవాళ్ళకు, స్ప్లీన్ తీసేసినవాళ్ళకు ప్రమాదం. డాక్సీసైక్లిన్ దీనికి పనిచేయదు, మందులు వేరు. కాబట్టి వాళ్ళు వెళ్ళేటప్పుడు "కనెక్టికట్‌లో గోమార్లున్న చోట ఉండి వచ్చారు" అని ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టండి. డాక్సీసైక్లిన్ వాడాల్సి వస్తే మావగారి కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేయకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఇదే తిరుగు ప్రయాణంలోనూ. మీరు సెలవులకు ఊరెళ్ళి పొలాలు, తుప్పలు తిరిగి వచ్చాక జ్వరం వస్తే ఇక్కడి డాక్టర్‌కు స్క్రబ్ టైఫస్ తట్టకపోవచ్చు. అది గోమారి కాదు, కంటికి కనపడనంత చిన్న చిగ్గర్ అనే పురుగు పిల్ల కుడితే వచ్చేది. మన ఆంధ్రా, తెలంగాణల్లో వానాకాలం, చలికాలాల్లో చూస్తాం. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టి ఉంటుంది, చంకలోనో గజ్జలోనో. అది కనపడితే సగం డయాగ్నోసిస్ అయిపోయినట్టే. షిమోగా వైపు అడవులకు వెళ్ళేవాళ్ళకు 1957లో కోతుల చావులతో బయటపడ్డ క్యాసనూర్ అడవి జ్వరం ఉంది, దాన్ని మోసేది గోమారే.

మాంసం తినేవాళ్ళకు ఒక్క మాట. వీపు మీద తెల్ల చుక్క ఉండే లోన్ స్టార్ గోమారి దక్షిణ రాష్ట్రాల నుంచి మెల్లగా పైకి వస్తోంది, కనెక్టికట్ తీరంలోనూ ఉంది. అది కరిచిన కొందరికి మటన్, బీఫ్, పోర్క్ పడకుండా పోతాయి. రాత్రి మటన్ బిర్యానీ తింటే వెంటనే కాదు, రెండు నుంచి ఆరు గంటల తర్వాత, నడిరాత్రి దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. చికెన్, చేపలతో రాదు. అలా ఎవరికైనా జరిగితే బిర్యానీ వండినవాళ్ళను తిట్టకుండా అలెర్జీ డాక్టర్‌కు చూపించుకోండి.

రేపు పొద్దున పీడియాట్రీషియన్‌కు ఫోన్ చేసినప్పుడు ఇలా చెప్పండి: గోమారి ఆదివారం మధ్యాహ్నం తర్వాత పట్టింది, సోమవారం ఉదయం తీశాం, పొట్ట ఉబ్బలేదు, ఫోటో ఉంది. ఆవిడకు కావలసింది ఈ నాలుగు ముక్కలే. కార్డు మీద జూన్ 9 అని, దాని పక్కనే జూలై 9 అని రాయండి. ఆ రెండో తారీఖు దాకా రోజూ స్నానంలో మోకాలి వెనక చూస్తూ ఉండండి. ఏదైనా మచ్చ కనపడితే గీత గీసి ఆ ఫోటో కూడా ఇక్కడ పెట్టండి, చూస్తాను.